చెరపని టేపు

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంఘ మిత్రులు కోరారు. నెల్లూరు చరిత్ర అనగానే తిక్కన సోమయాజి, పెన్నా తీరాన రంగనాయకుల గుడి గుర్తుకు రావడం సహజం. నేను మాత్రం మన ఊరి గొంతు ఒకదానిని లోకానికి వినిపించిన ఒక పెద్దమనిషి గురించి, రికార్డింగ్ గదిలో ఆయన చేసిన పని గురించి నాలుగు మాటలు రాయదలచాను.

సినిమా వారి భాషలో నిర్మాత అంటే పెట్టుబడి పెట్టేవాడు. పాశ్చాత్య దేశాల గ్రామఫోను కంపెనీలలో ఆ మాటకు అర్థం వేరు. ఏ పాట ఎవరు పాడాలి, ఏ వాద్యం ఎంత వినబడాలి, ఏ టేకు ఖాయం చేయాలి అని తేల్చే వ్యక్తిని అక్కడ సంగీత నిర్మాత అంటారు. మరో కంపెనీ కాదన్న బీటిల్స్ బృందాన్ని 1962లో చేరదీసి, వారి రికార్డులను తీర్చిదిద్దిన జార్జ్ మార్టిన్ అటువంటివాడు. ఆనాటి మన సినిమా పాటలకు ఆ పేరుతో ఎవరూ ఉండేవారు కారు. ఆ బాధ్యతలో సింహభాగం సంగీత దర్శకుడిదే. తక్కినది సహాయకులు, రికార్డిస్టు పంచుకునేవారు.

ఆ రోజుల్లో గాయకులు, వాద్యకారులు అందరూ కలిసి ఒకేసారి పాట పూర్తి చేయాలి. ఒక్కరు తడబడినా మళ్లీ పల్లవి నుంచి మొదలు. అందుచేత అనుభవం లేని గాయకుణ్ణి మైకు ముందు నిలబెట్టడం సాహసమే. ఆ సాహసం చేసినవారు శ్రీపతి పండితారాధ్యుల కోదండపాణి గారు.

మన నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి అబ్బాయి బాలసుబ్రహ్మణ్యం. ఆనాటి మన జిల్లాలోని గూడూరులో జరిగిన పోటీలో ఆయన పాట విని ఎస్. జానకి గారు ప్రోత్సహించారు. తరువాత మద్రాసులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒక పోటీలో కోదండపాణి గారు ఆ గొంతు విన్నారు. ఇంటిపేర్లు ఒకటే అయినా, ఆయనను కట్టిపడేసింది గొంతే. అవకాశం వెంటనే రాలేదు. గొంతు మరీ లేతగా ఉందన్న మాటలూ వినవలసి వచ్చింది. అయినా కోదండపాణి గారు విడిచిపెట్టలేదు.

1966 డిసెంబరు 15న విజయా గార్డెన్స్‌లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రానికి బాలు గారి తొలి పాట రికార్డయింది. పక్కన పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య వంటి హేమాహేమీలు. అసలు విషయం ఆ తరువాత జరిగింది. పని ముగిశాక టేపును చెరిపి మరో పాటకు వాడుకోవడం అప్పటి పద్ధతి. కోదండపాణి గారు రికార్డిస్టు స్వామినాథన్ గారిని బతిమాలి, ఆ టేపును ఏడాదిపాటు చెరపకుండా ఉంచమన్నారు. వచ్చిన సంగీత దర్శకులకు ఆ కుర్రవాడి గొంతు వినిపించడమే ఉద్దేశం. ఈ సంగతి బాలు గారే ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

ఆలోచిస్తే, తన శిష్యుణ్ణి తన పోటీదారుల దగ్గరకు తానే పంపించినట్లు కదా! తన పాట బాగా రావడంతో సంగీత దర్శకుడి పని తీరిపోతుంది. ఆ గొంతుకు రేపు ఏ దారి అన్నది కూడా ఆయన తన బాధ్యతగానే తీసుకున్నారు. 1969లో వచ్చిన 'మంచి మిత్రులు'లో ఘంటసాల మాస్టారితో సమంగా బాలు గారిని పాడించిందీ కోదండపాణి గారే.

ఆయన 1974లో, నడివయసులోనే కన్నుమూశారు. శిష్యుడు మాత్రం మరువలేదు. మద్రాసులో తాను నెలకొల్పిన రికార్డింగ్ స్టూడియోకు, 1995లో 'శుభసంకల్పం' తీసిన తన చిత్ర సంస్థకు కూడా గురువు గారి పేరే పెట్టుకున్నారు. 2020 సెప్టెంబరు 25న బాలు గారు కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆఫీసుల్లో దశాబ్దాలు గడిపిన మనకు ఈ కథ కొత్తదేమీ కాదు. కొత్తగా చేరిన కుర్రవాడి పనిని పై అధికారి దృష్టికి తెచ్చి, తన పేరు ఎక్కడా రాసుకోని పెద్దలు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వారి పేర్లు రికార్డులకు ఎక్కవు. కోదండపాణి గారి పేరు నిలిచిందంటే, అందుకున్నవాడు చెప్పుకున్నాడు గనుకనే. మనం అందుకున్నదీ మనమే చెప్పుకోవాలి.