ప్రీమియర్ హాకీ: నాలుగేళ్ల ముచ్చట

ఐపీఎల్ పుట్టడానికి మూడేళ్ల ముందే హైదరాబాద్‌లో ఊళ్ల పేర్లతో జట్లు కట్టి లీగ్ ఆడారు. అదీ హాకీలో. 2005 జనవరిలో గచ్చిబౌలిలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది. నడిపింది భారత హాకీ సమాఖ్య, చూపించింది ఈఎస్‌పీఎన్-స్టార్ స్పోర్ట్స్. తొలి సీజన్ మ్యాచ్‌లన్నీ అక్కడే. గూడూరు వాళ్లకైతే పెద్ద చిక్కే. రైలెక్కితే రెండు మూడు గంటల్లో చెన్నై, అప్పటి రాజధానేమో హైదరాబాద్. చెన్నై వీరన్స్‌కు ఈల వేయాలా, హైదరాబాద్ సుల్తాన్స్‌కా?

కప్పు సుల్తాన్స్‌దే. డిఫెన్స్‌లో మన దిలీప్ తిర్కీ, పెనాల్టీ కార్నర్లకు పాకిస్థాన్ సోహైల్ అబ్బాస్. దాయాదులిద్దరూ ఒకే జెర్సీలో!

ఆటనూ టీవీకి తగ్గట్టు మలిచారు. అప్పట్లో 35 నిమిషాల చొప్పున రెండు సగాలుగా సాగే మ్యాచ్‌ను పదిహేడున్నర నిమిషాల నాలుగు ముక్కలు చేశారు. టైమవుట్లు తెచ్చారు, డ్రాలు ఎత్తేశారు. ఆ నాలుగు ముక్కల పద్ధతినే 2014లో అంతర్జాతీయ సమాఖ్య 15 నిమిషాల చొప్పున స్వీకరించింది. అప్పటికి ప్రీమియర్ హాకీ లీగ్ లేనే లేదు.

2008లో అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. మార్చిలో చిలీలోని శాంటియాగోలో బ్రిటన్ చేతిలో ఓడి, భారత పురుషుల జట్టు తొలిసారి ఒలింపిక్స్‌కు అర్హత పోగొట్టుకుంది. ఏప్రిల్‌లో భారత హాకీ సమాఖ్య కార్యదర్శి జ్యోతికుమారన్ లంచం ఆరోపణతో ఒక టీవీ స్టింగ్‌లో చిక్కారు. ఆ నెలాఖరుకే భారత ఒలింపిక్ సంఘం సమాఖ్యను పక్కన పెట్టింది. ఆసరా పోయాక లీగ్ మళ్లీ లేవలేదు. అదే నెలలో ఐపీఎల్ గడప తొక్కింది.

సమాఖ్య కూలితే లీగ్ కూలిందంటే, కింద పునాది లేదనే. టర్ఫ్ అనే కృత్రిమ పచ్చిక మీద హాకీ ఖర్చుతో కూడిన పని. మ్యాచ్‌కు ముందు దాన్ని నీళ్లతో తడపాలి, అప్పుడే బంతి నున్నగా జారుతుంది. మట్టి నేల మీద అదే బంతి ఎటు ఎగురుతుందో తెలియదు. మట్టిలో నేర్చిన పిల్లలు టర్ఫ్ ఎక్కగానే ఆట మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లె అమ్మాయి రజని జాతీయ జట్టు గోల్‌కీపర్ అయ్యింది లీగ్ చలవతో కాదు. అమ్మాయిలకు ఇలాంటి లీగే 2025 దాకా రాలేదు.

ఆ ఏడాది పురుషుల హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లి 3-4తో ఓడింది. మ్యాచ్‌లన్నీ రూర్కెలా, రాంచీల్లోనే. జెర్సీ మీద ఊరి పేరు ఎవరైనా రాయించుకోవచ్చు. ఆ ఊరి పిల్లల చేతికి స్టిక్కు, కాలికింద టర్ఫ్ వచ్చేదాకా ఏ లీగైనా ముచ్చటే.