పాముపిల్లకు ఇంట్లో పెట్టె.. ముందు చట్టం, ఆపై ఎండ

ఎర్రగుంట్ల: నాపరాళ్ల గనులు, సున్నపురాతి నేలలు, వీధి పక్కన పేర్చిన బండల దొంతరలు ఉన్న ఎర్రగుంట్ల ప్రాంతంలో పాములు కనిపించడం కొత్తేమీ కాదు. బండల సందుల్లోని చల్లదనం, ఎలుకలు, బల్లులు వాటిని ఆకర్షిస్తాయి. తొలకరి రోజుల్లో బండ ఎత్తితే జానెడు పాముపిల్ల బయటపడుతుంది. దాన్ని సీసాలోనో, అట్టపెట్టెలోనో వేసుకొని పెంచాలని ఉబలాటపడే యువకులూ ఉన్నారు. విదేశీ పాములను ఇళ్లలో పెంచే వీడియోలు ఈ సరదాను మరింత పెంచుతున్నాయి. అయితే పెట్టె తయారు చేయడానికి ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఆ పామును ఉంచుకునే హక్కు ఉందా? కడప ఎండల్లో దాన్ని బతికించగలరా?

మన నేల పాములు పెంపుడువి కావు

వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రక్తపింజరి వంటి పాములను పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం నేరం. పాములాడించే వారి బుట్టలకూ ఇదే నిబంధన వర్తిస్తుంది. ఈ చట్టాన్ని 2022లో సవరించారు. సవరణలు 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మొదటి షెడ్యూలులోని జీవులకు సంబంధించిన నేరాలకు 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా విధించవచ్చు. అదృష్టం తెస్తుందన్న మూఢనమ్మకంతో రెండు తలల పామును దాచిపెట్టడం, బేరం పెట్టడం కూడా కేసుల పాలు చేసే పనే.

చట్టం ఒక ఎత్తయితే, ప్రాణభయం మరో ఎత్తు. రక్తపింజరి పిల్లను కొండచిలువ పిల్లగా, కట్లపాము పిల్లను విషం లేని చారల పాముగా పొరబడటం సులువు. రక్తపింజరి గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలనే కంటుంది. ఆ పిల్లలకు పుట్టుకతోనే కోరలు, విషం ఉంటాయి. చిన్నదే కదా అని చేత్తో పట్టుకోవడం ప్రాణాంతకం. బండల కింద పాముపిల్ల కనిపిస్తే ముట్టుకోకుండా, కొట్టకుండా, పిల్లలను, కుక్కలను దూరంగా ఉంచి అటవీశాఖకు సమాచారం ఇవ్వాలి. కాటు పడితే గాయాన్ని కోయడం, తాడుతో బిగించి కట్టడం, నాటు మందులతో కాలయాపన చేయడం తగదు. కాటు పడిన కాలు లేదా చేయి కదలకుండా ఉంచి, 108కు ఫోన్‌ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తరలించాలి.

విదేశీ జాతులకూ లెక్క ఉంది

ఇళ్లలో ఎక్కువగా పెంచే విషరహిత విదేశీ పాములు రెండు. ఒకటి ఆఫ్రికాకు చెందిన బాల్‌ పైథాన్‌, రెండోది అమెరికాకు చెందిన కార్న్‌ స్నేక్‌. బాల్‌ పైథాన్‌ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం జాబితాలో ఉన్నందున దాని యజమాని వివరాలు నమోదు చేయించాల్సిందే. కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నిబంధనల ప్రకారం ఈ నమోదు ‘పరివేష్‌’ పోర్టల్‌ ద్వారా జరుగుతుంది. పాము చనిపోయినా, పిల్లలు పుట్టినా, చేతులు మారినా తెలియజేయాలి. ఏ జాతి పాముకైనా కొనుగోలు రశీదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే పత్రాలు దగ్గర ఉంచుకోవడం మేలు. చెన్నై విమానాశ్రయంలో 2023లో ప్రయాణికుల సామాన్ల నుంచి కస్టమ్స్‌ అధికారులు బాల్‌ పైథాన్లను స్వాధీనం చేసుకున్నారు. పత్రాల్లేని పామును చౌకగా కొంటే ఇటువంటి అక్రమ రవాణాకు ఊతమిచ్చినట్లే.

పెట్టె ఎలా ఉండాలి

చట్టబద్ధంగా తెచ్చుకున్న పాముపిల్లకు ఖరీదైన గాజు పెట్టె అక్కర్లేదు. పక్కలకు గట్టి క్లిప్పులున్న ప్లాస్టిక్‌ నిల్వ పెట్టె చాలు. బాల్‌ పైథాన్‌ పిల్లకు సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది సరిపోతుంది. మరీ పెద్ద ఖాళీ పెట్టెలో దాగేందుకు చోటు లేక పిల్ల బెదిరి మేత మానేస్తుంది. గాలి కోసం రెండు పక్కలా సన్నని రంధ్రాలు చేయాలి. వేడి చేసిన ఇనుప మొనను లోపలి నుంచి బయటకు గుచ్చితే గరుకు అంచులు లోపల మిగలవు. పెన్సిల్‌ అంత సన్నగా ఉండే కార్న్‌ స్నేక్‌ పిల్లకు తల దూరే సందు దొరికితే ఒళ్లంతా దూరుతుంది. కాబట్టి మూత సందులను ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

అడుగున పాత కాగితాలు లేదా కొబ్బరి పొట్టు పరచవచ్చు. ఇసుక, ఘాటు వాసన వచ్చే రంపపుపొట్టు వద్దు. దాగేందుకు రెండు చోట్లు ఉండాలి, ఒకటి వెచ్చని వైపు, మరొకటి చల్లని వైపు. అంచులు నున్నగా అరగదీసి బోర్లించిన చిన్న మట్టికుండ ఇందుకు చక్కగా పనికొస్తుంది. తమిళనాడులోని వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుల పాములు పట్టేవారి సహకార సంఘం విష సేకరణకు తెచ్చిన పాములను ప్రభుత్వ అనుమతితో మట్టికుండల్లోనే ఉంచుతుంది. చీకటి, చల్లదనం రెండూ కుండలో దొరుకుతాయి. ఆ పాములనూ కొన్ని వారాల తర్వాత తిరిగి అడవిలో వదిలేస్తారు.

స్థానికంగా దొరికే నాపరాయి ముక్కను చల్లని వైపు పరిస్తే నేల చల్లగా ఉంటుంది. అయితే దాన్ని పెట్టె అడుగుకు ఆనించి కదలకుండా ఉంచాలి. పొట్టు మీద పెడితే పాము కిందికి తవ్వుకొని వెళ్లి రాయి కింద నలిగిపోతుంది. దొర్లిపోని బరువైన గిన్నెలో రోజూ మంచినీరు మార్చాలి. పాలు పోయరాదు. పాలు పాముల ఆహారం కాదు.

వేసవే అసలు పరీక్ష

విదేశీ పుస్తకాలు, వీడియోలు పెట్టెను వేడి చేయడం గురించే ఎక్కువగా చెబుతాయి. చలి దేశాలకు అది సరైనదే. ఎర్రగుంట్లలో ఏడాదిలో ఎక్కువ కాలం సమస్య తలకిందులుగా ఉంటుంది. పాము తన ఒంటి వేడిని తానే అదుపు చేసుకోలేదు. వెచ్చని చోటు నుంచి చల్లని చోటుకు జరగడమే దానికున్న దారి. బాల్‌ పైథాన్‌కు వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని వైపు 25 నుంచి 27 డిగ్రీలు అనుకూలం. కార్న్‌ స్నేక్‌కు ఇంతకంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలి. వేసవిలో జిల్లాలో పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు పెట్టెలో చల్లని వైపు అంటూ ఉండదు. మూసిన పెట్టెలో పాము కొద్ది గంటల్లోనే చనిపోవచ్చు.

అందుకే రేకుల కప్పు కింద, పడమటి గోడ పక్కన, కిటికీ ఎండలో పెట్టెను ఉంచరాదు. ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, నేల మీద పెట్టాలి. పెట్టె రెండు చివర్లా ఉష్ణమాపకాలు ఉండాలి. కరెంటు పోయిన మధ్యాహ్నాల కోసం గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టె బయట ఒక వైపు ఆనించవచ్చు. కూలర్‌ గాలి నేరుగా తగలకూడదు. గదిని చల్లగా ఉంచే వీలు లేని ఇంట్లో పామును పెంచే ఆలోచన మానుకోవడమే మంచిది. చలికాలం రాత్రుల్లో మాత్రం పెట్టె కింద మూడో వంతు భాగానికి వేడి పలక అమర్చాలి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ లేకుండా దాన్ని వాడరాదు. పెట్టె లోపల బల్బు పెడితే పాము ఒళ్లు కాలుతుంది.

రాయలసీమ పొడి గాలి మరో ఇబ్బంది. తేమ చాలకపోతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. కళ్లు పాలరంగులోకి మారి కుబుసం విడిచే సూచన కనిపించగానే, తడిపి పిండిన కొబ్బరి పీచు ఉన్న చిన్న డబ్బాను లోపల ఉంచాలి. పెట్టె మొత్తం చిత్తడిగా ఉంటే మాత్రం చర్మ వ్యాధులు వస్తాయి.

మేత, శుభ్రత

కొత్తగా తెచ్చిన పిల్లను వారం రోజులు ముట్టుకోకుండా వదిలేయాలి. తర్వాత ఐదు నుంచి ఏడు రోజులకోసారి, పాము ఒంటి లావుకు మించని చిట్టెలుకను ఇవ్వాలి. గడ్డకట్టించి, కరిగించినది ఇవ్వడం క్షేమం. ప్రాణంతో ఉన్న ఎలుక పామును కొరుకుతుంది. ఇంట్లో పట్టిన ఎలుకల్లో మందు తిన్నవి ఉండవచ్చు కనుక వాడరాదు. మేసిన తర్వాత రెండు రోజులు పామును పట్టుకోకూడదు. ఒక పెట్టెలో ఒక్క పామే ఉండాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాముల ఒంటి మీది సాల్మొనెల్లా క్రిములు ఐదేళ్లలోపు పిల్లలకు ప్రమాదకరం.

వదిలేయడం పరిష్కారం కాదు

బాల్‌ పైథాన్‌ 20 ఏళ్లకు పైగా బతుకుతుంది, మీటరు దాటి పెరుగుతుంది. తొలి ఏడాది పెట్టె తర్వాత దానికి చాలదు. చదువుకో, ఉద్యోగానికో ఊరు విడిచే యువకుడు ఆ తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారో ముందే ఆలోచించుకోవాలి. విసుగొచ్చి పెన్నా ఒడ్డునో, గుట్టల్లోనో వదిలితే అది ఆకలితో చావవచ్చు, లేదా ఇక్కడి జీవులకు ముప్పు కావచ్చు. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపుడు పాములుగా వచ్చిన బర్మా కొండచిలువలు చిత్తడి అడవుల్లోకి చేరి అక్కడి చిన్న జంతువులను భారీగా తగ్గించాయి. పెంచలేని పరిస్థితి వస్తే అటవీశాఖను సంప్రదించాలి. పత్రాలు, చల్లని గది, 20 ఏళ్ల ఓపిక.. ఈ మూడింటిలో ఏది లేకపోయినా పెట్టె చేయకపోవడమే పాముకు, ఇంటివారికి క్షేమం.