విక్రాంత్: ఒక పేరు, రెండు యుద్ధనౌకలు

భారత నౌకాదళంలో ‘విక్రాంత్’ పేరు ధరించిన విమానవాహక నౌకలు రెండు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో రెండవది దళంలో చేరినప్పుడు ‘పునర్జన్మ’ అన్న మాట విస్తృతంగా వినిపించింది. ఈ రూపకాన్ని యథాతథంగా స్వీకరిస్తే ఒక చారిత్రకాంశం మరుగున పడుతుంది. పేరును భద్రపరచిన వ్యవస్థ నౌకను భద్రపరచలేకపోయింది.

‘వి’ ఉపసర్గ చేరిన క్రమ్ ధాతువు నుండి ఏర్పడిన ‘విక్రాంత’ శబ్దానికి పరాక్రమించినవాడు అని అర్థం. తెలుగు కావ్యభాషకు ఈ శబ్దం కొత్త కాదు. పొల్లుతో ముగిసే రూపం మాత్రం హిందీ ఉచ్చారణను అనుసరించింది. మొదటి నౌకకు ఇది జన్మనామం కూడా కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ ‘హెర్క్యులీస్’ పేరుతో నిర్మాణం ఆరంభించి, యుద్ధానంతరం అసంపూర్తిగా నిలిపివేసిన నౌక అది. భారతదేశం దానిని 1957లో కొనుగోలు చేసింది. బెల్‌ఫాస్ట్‌లో నిర్మాణం పూర్తిచేసుకొని 1961 మార్చి 4న అది దళంలో చేరింది.

ఓడ నుండి పేరు విడివడి, స్వతంత్రంగా పనిచేసిన సందర్భం 1971 యుద్ధం. విక్రాంత్‌ను వెతుకుతూ పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ బంగాళాఖాతంలో ప్రవేశించింది. అప్పటికే విక్రాంత్ అండమాన్ దీవులకు తరలిపోయింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ పథకం ప్రకారం ‘రాజ్‌పుత్’ అనే పాత డిస్ట్రాయర్ విశాఖపట్నం చేరువలో విక్రాంత్‌గా భ్రమింపజేస్తూ వైర్‌లెస్ సందేశాలు పంపింది. డిసెంబరు 3-4 మధ్యరాత్రి ఘాజీ విశాఖ తీరంలోనే మునిగిపోయింది. రాజ్‌పుత్ ప్రయోగించిన డెప్త్ చార్జీలే కారణమని భారత కథనం. సొంత మందుపాతరల పేలుడో, అంతర్గత ప్రమాదమో కారణమని పాకిస్తాన్ కథనం. ఈ వివాదం ఎలా తేలినా, నౌక లేనిచోట దాని పేరు ఎరగా పనిచేసిందన్నది గమనార్హం. డిసెంబరు 4 నుండి అసలు విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడులు చేశాయి. ఆ కీర్తికి ఆధారం ఈ దాడులే. పాకిస్తాన్ సైతం 1975లో పోర్చుగల్ నుండి కొన్న జలాంతర్గామికి తిరిగి ‘ఘాజీ’ పేరే పెట్టుకుంది.

1997 జనవరి 31న విక్రాంత్ విరమణ పొందింది. ముంబైలో ప్రదర్శనశాలగా కొంతకాలం నిలిచి, 2012లో మూతపడింది. 2013 ఆగస్టులో కొచ్చిలో కొత్త విక్రాంత్ జలప్రవేశం చేసేనాటికి పాతది ముంబైలో ఇంకా తేలుతూనే ఉంది. ఆ మరుసటి సంవత్సరమే తుక్కు కింద అమ్ముడై విచ్ఛిన్నమైంది. పునర్జన్మ అనడానికి ఈ కాలక్రమం అంగీకరించదు.

213 మీటర్ల పాత నౌక బ్రిటన్ నిర్మాణం. 262 మీటర్ల కొత్తది స్వదేశీ నిర్మాణం. రెండింటికీ ఉమ్మడిగా మిగిలినవి పేరు, ఋగ్వేదం నుండి గ్రహించిన ధ్యేయవాక్యం, ఆర్11 అనే గుర్తుసంఖ్య. పాత నౌక లోహంలో కొంత భాగం 2016లో ఒక మోటార్‌సైకిల్ తయారీకి వినియోగమైంది.