బెల్లం తయారీ: సరళ సమీకరణాలు

చెరకు రసం బెల్లంగా మారే క్రమాన్ని ద్రవ్యం, ఉష్ణం, రసాయన చర్యల లెక్కలతో వివరించేవి బెల్లం తయారీ సమీకరణాలు. ఆంధ్రప్రదేశ్‌లో బెల్లం మార్కెట్‌కు పేరొందిన అనకాపల్లి ప్రాంతపు వంటకు ఇవి నేరుగా వర్తిస్తాయి. మొదటిది ద్రవ్య సమీకరణం: రసం = బెల్లం + ఆవిరైన నీరు. 18 శాతం ఘనపదార్థమున్న 100 కిలోల రసం నుంచి 5 శాతం తేమగల బెల్లం సుమారు 19 కిలోలు వస్తుంది. తక్కిన 81 కిలోలూ ఆవిరే. కిలో నీటిని 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరి చేయడానికి 2,257 కిలోజౌళ్లు కావాలి. అంటే చెరకు పిప్పి మంట నుంచి రసానికి అందే వేడిలో ఎక్కువ భాగం దాన్ని వేడెక్కించడానికి కాక నీటిని తరిమేయడానికే ఖర్చవుతుంది.

రెండోది రసాయన సమీకరణం: సుక్రోజ్ + నీరు → గ్లూకోజ్ + ఫ్రక్టోజ్. అణుభారాల్లో 342 + 18 = 180 + 180. ఆమ్లం, వేడి ఈ చర్యను పెంచుతాయి. ఇలా ఏర్పడే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ (విలోమ చక్కెరలు) పెరిగితే బెల్లం గట్టిపడదు, తేమ పీలుస్తుంది. రసంలో సున్నం కలిపితే ఆమ్లం తగ్గుతుంది. చర్య వేగం మిగిలిన సుక్రోజ్‌కు అనులోమానుపాతమని శాస్త్రవేత్త లుడ్విగ్ విల్హెల్మీ 1850లో చూపాడు. రసాయన వేగశాస్త్రానికి అదే తొలి సమీకరణం.

రసం శుద్ధ చక్కెర ద్రావణం కాదు, దానిలో ప్రొటీన్లు, లవణాలు, జిగురు పదార్థాలు ఉంటాయి కనుక ఈ లెక్కలు చెల్లవన్న అభ్యంతరం ఉంది. రంగు, రుచి విషయంలో అది న్యాయమే. ద్రవ్య నిత్యత్వం మాత్రం మలినాలతో మారదు. నురగగా తీసేసిన మడ్డిని కూడా కలిపితే సమీకరణం సరిపోతుంది. మలినాలు వేగ స్థిరాంకాన్ని మార్చినా చర్య దిశను మార్చలేవు.