స్నూక్ చేపల వేట

స్నూక్ పశ్చిమ అట్లాంటిక్ తీరంలో ఫ్లోరిడా మొదలుకొని బ్రెజిల్ వరకు లభించే ఒక చేప. సాధారణ స్నూక్ శాస్త్రీయ నామం సెంట్రోపోమస్ అండెసిమాలిస్. ఇది సెంట్రోపోమిడే కుటుంబానికి చెందినది. ఆంధ్ర తీరంలో లభించే పండుగప్పను కూడా పూర్వం ఈ కుటుంబంలోనే చేర్చేవారు. ప్రస్తుతం దానిని లాటిడే కుటుంబంలో ఉంచుతున్నారు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో స్నూక్‌ను గాలంతో పట్టడం ఎంతో ప్రజాదరణ పొందిన వినోదం. అక్కడ 1957 నుండి ఈ చేపను అమ్మడం నిషేధించబడింది.

లక్షణాలు

మొప్పల నుండి తోక చివరి వరకు సాగే నల్లని చారను బట్టి స్నూక్‌ను సులువుగా గుర్తించవచ్చు. దీని కింది దవడ ముందుకు పొడుచుకొని ఉంటుంది. ఉప్పునీటిలోనూ, మంచినీటిలోనూ జీవించగలదు. ఈ చేపలు మొదట మగవిగా ఉండి, పెరిగిన తరువాత ఆడవిగా మారుతాయి. కనుక బాగా పెద్ద చేపలు సాధారణంగా ఆడవే.

వేట స్థలాలు, సమయాలు

స్నూక్ మాటువేసి ఆహారాన్ని పట్టుకునే చేప. మడచెట్ల వేళ్ళు, వంతెన స్తంభాలు, పడవల రేవులు దీనికి ఇష్టమైన తావులు. అక్కడ ప్రవాహానికి ఎదురుగా నిలిచి, నీటితోపాటు కొట్టుకువచ్చే చిరుచేపలను, రొయ్యలను మింగుతుంది. అందువలన ఆటుపోట్ల వలన నీరు కదులుతున్నప్పుడు వేట బాగా సాగుతుంది. నీరు నిలకడగా ఉన్నప్పుడు చేప ఎరను అంతగా పట్టించుకోదు. ఎరను ప్రవాహానికి ఎగువన వేసి, సహజంగా కిందికి కొట్టుకురానివ్వాలి. రాత్రివేళ రేవుల దీపాల వెలుగు అంచున ఉండే నీడలో వేటాడడం మరొక పద్ధతి. వేసవిలో గుడ్లు పెట్టడానికి ఇవి సముద్ర ముఖద్వారాలకు, ఇసుక తీరాలకు చేరుతాయి. చలికాలంలో నదులు, కాలువల లోపలికి వెళతాయి.

సాధనాలు

సుమారు 7 అడుగుల గాలపుకర్ర, 10 నుండి 20 పౌనుల బలం గల అల్లిక దారం సాధారణ వేటకు సరిపోతాయి. వంతెనల వద్ద ఇంకా బలమైనవి అవసరం. స్నూక్ మొప్పల మూత అంచు కత్తిలా పదునుగా, నోటి అంచు గరుకుగా ఉంటాయి. దారం తెగకుండా చివర 30 నుండి 40 పౌనుల ఫ్లోరోకార్బన్ తీగను కలుపుతారు.

ఎర

విసురువలతో పట్టిన పిల్చర్డ్, మల్లెట్ పిల్లలు, పిన్‌ఫిష్, రొయ్యలు సజీవమైన ఎరలుగా పనికివస్తాయి. వీటికి సర్కిల్ హుక్ వాడితే చేప దవడ మూలలో గుచ్చుకుంటుంది. గాలాన్ని గట్టిగా గుంజకుండా దారాన్ని చుట్టితే చాలు. కృత్రిమ ఎరలలో జిగ్‌లు, మెత్తని ప్లాస్టిక్ చేపలు, నీటిపై తేలే ప్లగ్‌లు ముఖ్యమైనవి. ఎరను అందుకున్న స్నూక్ వెంటనే వేళ్ళలోకి దూరి దారం తెంపుకోవాలని చూస్తుంది. కాబట్టి మొదటి కొన్ని క్షణాలలోనే దానిని బయటి నీటికి మళ్ళించాలి.

నిబంధనలు, సంరక్షణ

ఫ్లోరిడాలో స్నూక్‌ను కర్ర, దారంతో మాత్రమే పట్టాలి. సహజమైన ఎరతో మూడు కొనల గాలం వాడరాదు. అనుమతించిన కాలంలో ఒక వ్యక్తి రోజుకు ఒక చేపను మాత్రమే ఉంచుకోవచ్చు. దాని పొడవు అట్లాంటిక్ వైపు 28 నుండి 32 అంగుళాలు, మెక్సికో సింధుశాఖ వైపు 28 నుండి 33 అంగుళాలు ఉండాలి. ఈ పరిమితి వలన పిల్ల చేపలూ, గుడ్లు పెట్టే పెద్ద ఆడచేపలూ మిగులుతాయి. చలికాలంలోనూ, గుడ్లు పెట్టే వేసవిలోనూ చేపను ఉంచుకోవడానికి వీలులేదు. విడిచిపెట్టే చేపను తడిచేతులతో, పొట్ట కింద ఆధారమిచ్చి పట్టుకోవాలి. దవడతో నిలువుగా వేలాడదీయరాదు.

స్నూక్ చలిని తట్టుకోలేదు. 2010 జనవరిలో వచ్చిన తీవ్రమైన చలికి ఫ్లోరిడాలో ఈ చేపలు పెద్దసంఖ్యలో చనిపోయాయి. చేపను ఉంచుకోవడాన్ని అప్పుడు నిలిపివేశారు. అట్లాంటిక్ వైపు 2010 సెప్టెంబరులో తిరిగి అనుమతించినా, మెక్సికో సింధుశాఖ వైపు 2013 సెప్టెంబరు వరకు అనుమతించలేదు.