పూలతోటలో ఊతకఱ్ఱ

పూలతోటల చరిత్ర చెప్పువారు రంగులను, పరిమళములను, తోటల యజమానుల వైభవమును విస్తారముగా వర్ణింతురు గాని, ఆ పూలను నిలబెట్టిన కఱ్ఱపుల్లను అంతగా తలపరు. మేము నేడు ఆ పుల్లను గూర్చియే ముచ్చటింపదలచితిమి. ఇంగ్లండు తోటల విషయమున దాని వెనుక దానిని పాతినవాని కథయు కలదు.

డెల్ఫీనియము, పియొనీ, ఫ్లాక్సు మొదలగునవి బహువార్షికములు. చలికాలమున వీని పైభాగమంతయు ఎండిపోవును. వసంతము రాగానే వేరునుండి మరల మొలకెత్తును. చెట్టునకు వలె ఏటేట చేవ కట్టు మ్రాను వీనికి లేదు. మూడు నాలుగు నెలలలో డెల్ఫీనియము ఆరడుగుల ఎత్తు సాగవలెను. దాని కాడయా, లోన బోలు! ఎరువు మిక్కుటమైనచో కాడ మెత్తబడును; నీడ తగిలినచో వెలుతురు దిక్కునకు సాగి సన్నబడును. పూలు విచ్చిన దినముననే గాలివాన వచ్చినచో ఇక చెప్పనేల? ముద్దపూల పియొనీ రేకుల నడుమ నీరు నిలిచి, తలబరువునకు నేలకు వంగిపోవును.

19వ శతాబ్దపు మధ్యభాగమున అచ్చటి ధనికుల తోటలలో, గాజుఇండ్లలో పెంచిన పొట్టి మొక్కలను తివాచీ పఱచినట్లు నాటుట పరిపాటిగా నుండెడిది. వానికి ఊత అక్కఱలేదు. అయినను చెషైరులోని ఆర్లీ హాలునందు 1846లోనే బహువార్షికములకై ఎదురెదురుగా రెండు పొడవైన మడులు వెలసినవి. పిదప విలియం రాబిన్సను 1870లో ‘ది వైల్డ్ గార్డెన్’, 1883లో ‘ది ఇంగ్లీష్ ఫ్లవర్ గార్డెన్’ అను గ్రంథములను వెలువరించి తివాచీ మడులను తీవ్రముగా నిరసించెను. బహువార్షికములకు మంచి దినములు వచ్చినవి. మొక్కల వర్తకులు డెల్ఫీనియములను, పియొనీలను సంకరము చేసి పూలను నానాటికి పెద్దవిగా జేసిరి. పువ్వును పెంచినవారు కాడను మఱచిరని మా అభిప్రాయము.

ఈ మొక్కలను ఆడించినట్లు ఆడించిన విదుషి గెర్ట్రూడ్ జీకిల్ (1843–1932). సర్రేలోని మన్‌స్టెడ్ ఉడ్ అను తన యింట ఈమె వేసిన ప్రధానమైన పూలమడి పొడవు సుమారు 200 అడుగులు, వెడల్పు 14 అడుగులు. వాలిపోవుటను ఈమె దోషముగా మాత్రమే చూడలేదు. వెనుక వరుసలోని పొడవైన సూర్యకాంతి జాతి మొక్కను ముందునకు వంచి, పూత ఉడిగిన మొక్కలపై పఱపించెడిది. అట్లు వంచిన కాడకు కొనయందే గాక ప్రతి ఆకు మొదటను మొగ్గ లేచెడిది! డెల్ఫీనియము పూత ముగిసినపుడు దానిమీదికి బఠాణీజాతి పూలతీగను, అదియు ముగియగనే క్లెమాటిస్ తీగను లాగించెడిది. శరత్కాలమున పూచు మైకేల్మస్ డెయిజీలకు మాత్రము రెమ్మలు గల కంపలను ముందుగనే పాతించెడిది. మొక్క కంప నడుమనే పెరిగి దానిని కప్పివేసెడిది. ఊత కంటికి కనబడరాదని ఈమె పట్టుదల.

వంచించెడిది, పాతించెడిది అని మేము వ్రాయుచున్నాము గదా, చేసిన చేతులు మఱెవరివో. చలికాలమున కంప నఱకవలెను. మొక్క జానెడెత్తున నున్నపుడే పాతవలెను. గాలివాన వెలిసిన ప్రతిసారియు మరల కట్టవలెను. పెద్ద భవనముల తోటలలో డజను మంది మాలులుండుట అరుదు గాదు. 1914లో యుద్ధము రాగా వారిలో అనేకులు వెడలిపోయిరి. తిరిగి రానివారు పలువురు. కార్న్‌వాల్‌లోని హెలిగన్ తోటలో మాలుల మరుగుదొడ్డి గోడపై, 1914 ఆగస్టు అను తేదీతో వారు వ్రాసికొనిన పేర్లు 1990 దశకపు తొలినాళ్లలో బయటపడినవి. తోటల గ్రంథములకు ఎక్కని పేర్లు అట్లు సున్నపుగోడపై మిగిలినవి.

పనివారు కరవైన పిదప తోటయే మాఱవలసి వచ్చెను. జర్మనీలో పోట్స్‌డామ్ చెంత కార్ల్ ఫోర్‌స్టర్ తనంతట నిలువగల డెల్ఫీనియములను, ఫ్లాక్సులను ఏరి పెంచెను. 1946లో నార్ఫోకులోని బ్రెసింగ్‌హామ్ చేరిన ఆలన్ బ్లూమ్ మఱియొక మెట్టు పైకెక్కి, గోడ నానుకొని మడి వేయుటయే తప్పనెను. వెనుకనున్న గోడ వెలుతురును అడ్డగించును గనుక మొక్కలు ముందునకు సాగి పడిపోవునని ఆయన వాదము. 1950 దశకమున ఆయన పచ్చిక నడుమ ద్వీపముల వంటి మడులు వేసి, నలుదిక్కుల నుండియు గాలి, వెలుతురు సోకునట్లు చేసెను. మొక్క ఎత్తు మడి వెడల్పులో సగమునకు మించరాదని ఆయన లెక్క. ఇంటిల్లిపాదియే తోటమాలులైన చిన్న సంసారములకు ఇది ఎంతయో ఊరట.

నేడు అచ్చటివారు ‘చెల్సీ కోత’ అను మఱియొక ఉపాయమును పాటించుచున్నారు. లండనులోని చెల్సీయందు 1913లో మొదలైన పుష్పప్రదర్శన మే నెల చివర జరుగును గనుక ఆ పేరు వచ్చినది. ఆ దినములలో ఫ్లాక్సు, హెలీనియము, మైకేల్మస్ డెయిజీ కాడలను మూడవ వంతు మొదలు సగము వఱకు కోసివేయుదురు. పూత కొన్ని వారములు ఆలసించును గాని, మొక్క గుబురుగా కొమ్మలు వేసి తన బరువును తానే మోయును. చామంతి లేతతలలను త్రుంచు మన రైతునకు ఇది వింత గాదు. ఆతడు పూలు ఎక్కువగా పూయుటకు త్రుంచును. నిలుకడ దానివెంటనే వచ్చును.

అయితే డెల్ఫీనియమునకు, పియొనీకి ఈ కోత పనికిరాదు. కోసినచో ఆ యేటి పూవే పోవును. అందుచేత వసంతము రాగానే డెల్ఫీనియము మొదట నేటికిని కఱ్ఱలు పాతుచునే యున్నారు.