కంప్యూటరు పట్టాల చరిత్ర

మన గోదావరి మండలములలో పట్టా యను మాటకు రెండర్థములు కలవు. భూమికి సర్కారువారిచ్చునది యొకటి. పరీక్షయందు కృతార్థుడైన విద్యార్థికిచ్చునది రెండవది. మొదటిది తాతనుండి మనుమనికి సంక్రమించును. రెండవది దానిని గడించినవానికి జీవితకాలము చెల్లునని మన పెద్దలు తలచుచుండిరి. ఇప్పుడు రెండవ తెగలో కొంతకాలము మాత్రమే చెల్లి, ఆ మీదట చెల్లని పట్టాలు బయలుదేరినవి. కంప్యూటరులను కనిపెట్టి బాగుచేయు పనివారికిచ్చు పట్టాలు అట్టివి. చేను కుదువబెట్టియైనను పిల్లవానిని ఈ విద్యకు పంపెడి పెద్దలు దీని పూర్వోత్తరములను తెలిసికొనుట మేలు. కనుక నేటి ప్రసంగమునకు దీనినే విషయముగా గైకొంటిని.

ముందుగా ఆపరేటింగు సిస్టమనగా నేమో చెప్పవలెను. ధవళేశ్వరముకడ నిలిచిన గోదావరి నీరు ప్రధాన కాలువలగుండ, పిల్లకాలువలగుండ, బోదెలగుండ చేలకు పారుచున్నది. నీరుండియు, కాలువలుండియు, లాకులను తూములను కనిపెట్టి వంతులు నడపువారు లేనిచో ఎగువ చేలు మునుగును, శివారు చేలు ఎండును. కంప్యూటరునందును అంతియే. లెక్కలు చేయు భాగము, తాత్కాలికముగా జ్ఞాపకముంచుకొను భాగము, వ్రాతలను దాచు భాగము, తెర, మీటల పలక, అచ్చుయంత్రము వేరువేరుగా నుండును. వీనిలో దేనికి ఎప్పుడు పని యప్పగింపవలెనో, ఎవరి కాగితమును ఎవరు చూడవచ్చునో నిర్ణయించి నడపు ఆజ్ఞల సముదాయమే ఆపరేటింగు సిస్టము. అది కాలువపై లస్కరువంటిది. అది చెడినచో యంత్రములోని భాగములన్నియు బాగుగనే యున్నను పని సాగదు.

పాత పద్ధతి పోయి క్రొత్త పద్ధతి వచ్చుట మన డెల్టాకు క్రొత్త గాదు. ఆర్థర్ కాటన్ దొర 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. ఆ నిర్మాణమున ఆయనకు కుడిభుజమై నిలిచిన వీణెం వీరన్నగారి పేరు మన ప్రాంతమువారు నేటికిని స్మరించుచున్నారు. నూరేండ్లకు పైగా సేవ చేసిన ఆ యానకట్టకు బదులు 1970 తరువాత క్రొత్త బరాజు నిర్మింపబడి 1982లో సిద్ధమైనది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములలో దానికి మొత్తము 175 తలుపులు కలవు. ఆ తలుపులను ఎత్తుట, దించుట క్రొత్తగా నేర్వవలసిన పనియే. కాని వరద లక్షణము, పల్లము మెరకలు, వంతుల లెక్క మాత్రము పాతవే. నేర్వవలసిన క్రొత్త యెంత, నిలిచియుండు పాత యెంత యను ఈ విచక్షణయే నేటి ప్రసంగమునకు మూలము.

ఇక పట్టాల సంగతి. కంప్యూటరునకు పూర్వము మన పట్టణములందు యంత్రవిద్యకు పట్టాయనగా టైపు పరీక్షయే. రాజమహేంద్రవరము, కాకినాడ, ఏలూరు, భీమవరము మొదలగు చోట్ల టైపు ఇన్‌స్టిట్యూటులలో ఉదయము సాయంకాలము మీటల చప్పుడు వినవచ్చుచుండెడిది. లోయరు, హయ్యరు అను రెండు తరగతుల సర్కారు పరీక్షలలో కృతార్థులైనవారు కచేరీలలో గుమాస్తాలుగా కుదురుకొనిరి. ఆ పట్టా జీవితాంతము చెల్లుటకు కారణ మొక్కటే: 1874లో అమెరికాలో రెమింగ్టను కంపెనీవారు అమ్మకమునకు పెట్టిన యంత్రమునందలి ఇంగ్లీషు అక్షరముల వరుస దాదాపు అట్లే నిలిచిపోయినది. కంప్యూటరు మీటల పలకమీదను నేడు కనబడునది ఆ వరుసయే. యంత్రము మారినను వ్రేళ్లు నేర్చిన విద్య వృథా కాలేదు.

కాకినాడలో ఆంధ్రా పాలిటెక్నిక్ 1946లో వెలసినది. అదే సంవత్సరము విశాఖపట్టణపు పేరిట ఏర్పడిన ఇంజనీరింగు కళాశాలయు కాకినాడకే చేరి, 2008లో విశ్వవిద్యాలయమైనది. ఇట్లు యంత్రశాస్త్రమునకు మన తీరమున మంచి పునాది యేర్పడినది. కాని చిన్న కంప్యూటరు ఇంటింటికి వచ్చిన పిమ్మట నేర్పువారికి క్రొత్త చిక్కు కలిగెను. 1981లో ఐబీయం కంపెనీ చిన్న కంప్యూటరుతో వచ్చిన డాస్ అను సిస్టమునందు ప్రతి యాజ్ఞయు అక్షరములతో కొట్టవలసియుండెను. 1995లో వచ్చిన విండోస్ 95 నాటికి తెరపై బొమ్మలను మౌసుతో నొక్కు పద్ధతి స్థిరపడెను. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చెను. దానితో గౌతమి అను పేరుగల తెలుగు లిపియు వచ్చుట మనవారికి ముచ్చట గొలుపు విషయము; మన నదీపాయ పేరు లోకమందలి యంత్రములలో చేరినది. పిమ్మట 2009లో విండోస్ 7, 2012లో 8, 2015లో 10, 2021లో 11 వచ్చినవి.

సిస్టము పాతబడుట యనగా యంత్రము నిలిచిపోవుట గాదు. కాలువగట్టునకు గండి పడినట్లు సిస్టమునందు లోపములు బయటపడుచుండును. దొంగలు ఆ గండ్లగుండ ప్రవేశింతురు. తయారుచేసిన కంపెనీ వానిని ఎప్పటికప్పుడు పూడ్చుచుండును. గడువు తీరిన తరువాత పూడ్చుట మానును. ఎక్స్‌పీకి ఆ గడువు 2014 ఏప్రిలు 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న తీరినది. విండోస్ 10కు సాధారణముగా లభించు ఉచిత మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అందుచేత కచేరీలును, బ్యాంకులును, ఆసుపత్రులును క్రొత్తదానికి మారవలసియున్నవి; వానిని కనిపెట్టు పనివారును మారవలసియున్నారు.

పరీక్షలును ఈ మార్పును వెంబడించెను. కంప్యూటరు మరమ్మతుదారులకు కాంప్టియా అను సంస్థ 1993లో ఏ ప్లస్ అను పట్టాను ప్రవేశపెట్టినది. తొలుత దానికి గడువు లేదు. 2011 జనవరి 1 మొదలు గడించినవి మూడేండ్లకు మాత్రమే చెల్లును; ఆలోగా దానిని పునరుద్ధరించుకొనవలెను. పరీక్షాంశములును సుమారు మూడేండ్లకొకమారు సవరింపబడుచున్నవి. మైక్రోసాఫ్టు కంపెనీ ఒకప్పుడు ఎంతో పేరుపొందిన తన పాత పట్టాలను కొన్నిటిని 2021 జనవరితో నిలిపివేసినది. మన ఐటీఐలలో కోపా అను పేర ఒక యేడాది కోర్సు కలదు. అందు విండోసుతోపాటు లినక్సు పరిచయమును చేయుదురు.

ఇట్టి స్థితిలో ఉపాధ్యాయుడు క్రొత్త సిస్టమును నేర్పుట యెట్లు? రెండు మార్గములు కలవు. ఏ మీట ఎచట నొక్కవలెనో వల్లెవేయించుట మొదటిది. పరీక్ష సమీపించినప్పుడు ఇది సులభముగా తోచును. కాని విండోస్ 10లో ఎడమ మూలనుండిన స్టార్టు బొత్తాము విండోస్ 11లో నడుమకు జరిగినది. కంట్రోలు ప్యానెలులోని పనులు అనేకము క్రమముగా సెట్టింగ్సు అను వేరుచోటికి తరలినవి. చోట్లు మాత్రము కంఠస్థము చేసినవాడు ప్రతి మార్పునకును మొదటినుండి నేర్వవలసినదే.

రెండవ మార్గము వైద్యుని మార్గము. ఏ ప్లస్ పరీక్షయందు సిస్టములెన్ని మారినను ఈ క్రమము నిలిచియున్నది: బాధను విచారించి తెలిసికొనుట, కారణమును ఊహించుట, ఆ యూహను పరీక్షించుట, చికిత్స నిర్ణయించి చేయుట, అంతయు సరిగా నడచుచున్నదో లేదో చూచుట, చేసినదానిని వ్రాసియుంచుట. ఒక సహకార సంఘమునందు అచ్చుయంత్రము పనిచేయలేదనుకొందము. తెలిసినవాడు వెంటనే సిస్టమును చెరిపి తిరిగి ఎక్కింపడు. నిన్న పనిచేసినదా, అందరికిని ఆగినదా ఒక్కరికేనా యని యడుగును. తీగ చూచును. వేచియున్న కాగితముల వరుస చూచును. ఆ పిమ్మటనే యంత్రమునకును సిస్టమునకును నడుమ దుబాసివలె నుండు డ్రైవరు అను చిన్న ఆజ్ఞల కట్టను పరీక్షించును. ఈ విచారణ డాస్ కాలమునను పనికివచ్చెను, విండోస్ 11 కాలమునను పనికివచ్చును.

ఇందు మన ప్రాంతపు విద్యాలయములకు ప్రత్యేకమైన కష్టమొకటి కలదు. విండోస్ 11 ఎక్కుటకు యంత్రమునందు రహస్యపు తాళములను భద్రపరచు టీపీయం 2.0 అను ఏర్పాటు ఉండవలెను. అది లేని పాత యంత్రములు పని చేయగలిగియుండియు ఆ సిస్టమునకు యోగ్యములు కావు. శిక్షణశాలలోని బల్లలన్నిటిమీద అట్టివే యున్నచో విద్యార్థి పరీక్షించబడబోవు సిస్టమును కంటితో చూడకయే పరీక్షకు పోవును. ఈతను ఒడ్డున కూర్చుండి నేర్చినట్లగును. కనుక కొన్నియైనను క్రొత్త యంత్రములు ఉండి తీరవలెను. పాతవానిని పారవేయ నక్కరలేదు. ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సు, దాని ఆధారముగా మన దేశమున సీడాక్ సంస్థవారు 2007లో వెలువరించిన బాస్ ఉచితముగా లభించును. దాపు, వాడుకరి హక్కులు, నెట్‌వర్కు మొదలగు మూలసూత్రములను వానిమీద నిస్సంకోచముగ నేర్పవచ్చును. రెండు సిస్టములు చూచిన విద్యార్థికి మూడవది బెదురు పుట్టింపదు.

పెద్దలారా, ఫీజు కట్టుటకు మునుపు మూడు సంగతులడుగుడు. నేర్పబోవునది ఏ యేటి సిస్టము? పట్టా ఎన్నేండ్లు చెల్లును, పునరుద్ధరణకు ఎంత ఖర్చగును? పిల్లవాడు చెడిన యంత్రమును తన చేతితో విప్పి బాగుచేయునా, పుస్తకము మాత్రము చదువునా? మూడవ ప్రశ్నకు సరియైన సమాధానము రానిచోట పట్టా లభించినను పని లభించుట కష్టము. పని చేతికి వచ్చినవాడు మూడేండ్లకొకసారి క్రొత్త పరీక్షకు భయపడడు. సార్వాకు నారుమడి మరల పోయుట రైతుకెంత సహజమో, క్రొత్త సిస్టమును మరల నేర్చుట ఈ వృత్తివారికి అంత సహజమని ముందుగనే పిల్లలకు తెలియజెప్పుట మన విధి. ఇంతటితో విరమించుచున్నాను.